నూనె తలకు పట్టుగుడ్డ

మొన్న మా మనవరాలు నన్ను స్కూటీ వెనక కూర్చోబెట్టుకుని బజారుకు తీసుకుపోయింది. తనకు స్కార్ఫ్ కావాలట. బళ్ళారిలో ఇప్పుడు ఆడపిల్లలు మొహాలతో బయటికి రావడం మానేశారు. ఎండకూ దుమ్ముకూ తల, చెవులు, ముక్కు, నోరు అన్నీ చుట్టేసి, కళ్ళు మాత్రం వదిలి, దారి దోపిడీకి బయల్దేరినట్టు బండ్లెక్కుతారు. అంగట్లో దాని ముందర ముప్పై నలభై గుడ్డలు పరిచారు. అది వాటిని కళ్ళతో చూస్తోంది. గుడ్డను కళ్ళతో చూసేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మంట. రంగు చూడటానికి కళ్ళు చాలు, గుడ్డ చూడటానికి వేళ్ళు కావాలి. ఉండబట్టలేక నేనే ఒక్కొక్కటి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపి, ఇది చెమట పీల్చదు, ఇది రెండు ఉతుకులకు జల్లెడవుతుంది, ఇది తల మీద నిలవదు అంటూ పక్కన పడేస్తూ పోయాను. అంగడాయన నవ్వి, "అవ్వకు గుడ్డ సంగతి బాగ తెలిసినట్టుండాదే" అన్నాడు. ఆ మాట విని నాకు అరవై ఏళ్ళు దాటింది. అప్పుడు అన్నది మా నాయన. చేతిలో ఉన్న గుడ్డ కింద పెట్టేసి, తాగడానికి నీళ్ళు కావాలని అడిగాను.

మా నాయన ఒక పత్తి మిల్లులో సరుకు చూసే పనిలో ఉండేవాడు. ఊళ్ళనుంచి బండ్లు వచ్చి నిలబడితే, మూటలోకి మోచేతిదాకా చెయ్యి దూర్చి పిడికెడు పత్తి లాగేవాడు. దాన్ని రెండు బొటనవేళ్ళ మధ్య సాగదీసి, కలిపి, మళ్ళీ సాగదీసి, చివరికి మిగిలిన సన్నటి పింజను తన నల్లకోటు చేతి మీద పరిచి పొడవు చూసేవాడు. అంతసేపూ రైతు మొహం వంక చూసేవాడు కాదు. చూస్తే చెయ్యి అబద్ధం చెబుతుందనేవాడు. సాయంత్రం ఇంటికొస్తూ జేబులో నాలుగు రకాల పత్తి వేసుకొచ్చేవాడు. నేను కళ్ళు మూసుకుని ఏది నల్లరేగడిలో పండిందో, ఏది కాలవ కిందిదో, దేనికి తడి తగిలిందో చెప్పాలి. చెప్పేదాన్ని. మా అన్నలిద్దరికీ ఈ విద్య పట్టుబడలేదు. పత్తి అయిపోయాక గుడ్డలకు దిగాం. అంచునుంచి దారం పీకి అగ్గిపుల్లతో కాల్చి వాసన చూడటం నేర్పాడు. వెంట్రుకలు కాలిన వాసన వస్తే అసలు పట్టు, కాగితం కాలిన వాసన వస్తే కాదు. పదేళ్ళు నిండేసరికి సత్యనారాయణపేటలో మా వీధి ఆడవాళ్ళు చీర కొనబోతూ నన్ను వెంటబెట్టుకు పోయేవాళ్ళు. చిన్నపిల్లను అంగట్లో బల్ల మీద కూర్చోబెట్టి, నేను తలూపేదాకా చీర మడత విప్పినవాళ్ళు మళ్ళీ మడిచేవాళ్ళు కాదు. నాకున్న గొప్పతనమంతా అదే. గట్టిగా పట్టుకున్నాను. ఎందుకంటే తక్కిన ఆడపిల్లలకున్నది నాకు లేదు.

నాకు జుట్టు లేదు. బొత్తిగా లేదని కాదు, ఉన్నదాన్ని జుట్టు అనడానికి మా అమ్మకే మనసొప్పేది కాదు. మా అమ్మ చెల్లెలికి మాత్రం, అంటే మా చిన్నమ్మకు, నడుము దాటి జారే జడ. ఇద్దరికీ ఒకే వంశం, ఒకే నీళ్ళు, ఒకే ఆముదం. చిన్నమ్మ నాకంటే ఏడెనిమిదేళ్ళు పెద్దది. సండూరు పక్క చోరనూరులో తాత దగ్గర ఉండేది. సెలవులకు మా ఇంటికి వచ్చినప్పుడల్లా నన్ను ముందర కూర్చోబెట్టుకుని తల దువ్వేది. దువ్వడం ప్రేమతోనే దువ్వేది, నోరు మాత్రం ఊరుకునేది కాదు. "ఏందే ఇది, ఎలక తోకకు రిబ్బను కట్టమంటావా? ముడి వేసేదానికి జడ యాడుండాది?" అనేది. మా అమ్మ నవ్వేది. అన్నలు నవ్వేవాళ్ళు. పక్కింటి వాళ్ళు నవ్వేవాళ్ళు. నేను కూడా నవ్వేదాన్ని, లేకపోతే ఉడుక్కుంటోంది అంటారని. ఎలక తోక అనే పేరు ఇల్లు దాటి బడికి చేరింది. ఇప్పటికీ ఈ ఊళ్ళో నన్ను ఆ పేరుతో గుర్తుపట్టే ముసలమ్మ ఒకామె ఉంది. ఆమె కనబడితే నేను వీధి మారిపోతాను.

చిన్నమ్మకు సన్నిపాత జ్వరం వచ్చింది. ఇరవై రోజులు మంచంలో ఉండి లేచింది. లేచాక దువ్వెన పెడితే జుట్టు కుచ్చులు కుచ్చులుగా చేతికి వచ్చిందట. ఉన్నది తీసేస్తే కొత్తది ఒత్తుగా వస్తుందని తాత మంగలిని పిలిపించి నున్నగా గొరిగించాడు. అక్కడితో ఆగకుండా వారానికోసారి గొరిగించి, రోజూ ఆముదం మర్దన చేయించాడు. ఈ కబురు ఉత్తరంలో వచ్చినప్పుడు మా అమ్మ ఏడ్చింది. నాకు సంతోషమైంది. ఇప్పుడు దాన్ని ఇంకో మాటతో చెప్పాలని చూస్తే కుదరడం లేదు. పండగ ముందు రోజు ఉన్నట్టు ఉండింది నాకు.

అప్పటికి బళ్ళారి మైసూరు రాష్ట్రంలో కలిసి కొన్నేళ్ళయింది. తెలుగు బళ్ళకు టీచర్లు చాలడం లేదని, ఎనిమిదో తరగతి పాసైన ఆడపిల్లలను ఏరి శిక్షణకు పంపుతామన్నారు. చిన్నమ్మ పాసై రెండేళ్ళు ఖాళీగా ఉంది. టీచరు కావాలన్నది ఒక్కటే ఆమె పట్టుదల. చోరనూరులో గొడ్లకొట్టం గోడ మీద సుద్దముక్కతో రాసి, ఎదురుగా ఉన్న ఎద్దులకు పాఠాలు చెప్పేదని తాత ఎగతాళి చేసేవాడు. ఆయన చివరికి ఒప్పుకున్నాడు గాని ఒక షరతు పెట్టాడు. ఒక్కసారి పోయి రావాలి, తీసుకుంటే సరి, తీసుకోకపోతే ఇక చదువు మాట ఆ ఇంట్లో ఎత్తకూడదు. తీసుకునే పద్ధతి ఏమంటే, ఏదైనా బడిలో ఒక తరగతికి పాఠం చెప్పి చూపించాలి. చిన్నమ్మకు చెప్పిన బడి మా బడి, తరగతి నా తరగతి.

ఆమె తలకు తాత తువ్వాలు చుట్టుకుని బస్సు దిగింది. తీసుకురావడానికి నేను ఎదురుపోయాను. వీధి మలుపులో తువ్వాలు సర్దుకోవడానికి ఒక్క క్షణం విప్పింది. అప్పుడే మా ఎదురింటావిడ పూల బుట్టతో ఎక్కడికో బయల్దేరి గడప దాటింది. బోడి తల చూసి, వెనక్కి తిరిగి లోపలికి పోయి కూర్చుని, మంచినీళ్ళు తాగి, మేము ఇల్లు చేరాక మళ్ళీ బయల్దేరింది. పద్దెనిమిదేళ్ళ పిల్లను విధవ అనుకుంది. చిన్నమ్మ అదంతా చూసింది. ఆ పూట అన్నం తినలేదు. మా అమ్మ నా చేతికి సంచి ఇచ్చి, "పాపా, చిన్నమ్మను తీసుకపొయ్యి తలకు మంచి గుడ్డ ఏరిచ్చు. నీకు తెల్సినట్టు మాకెవరికి తెల్సు?" అంది.

బజారులో ఒక సాయిబు అంగడి ఉండేది. అన్నీ తానుల చివరి ముక్కలు. మా నాయన కూతురినని నాకు అక్కడ మర్యాద. "ఆవో బేటీ" అని సాయిబు ముక్కల గుట్ట ముందుకు తోశాడు. చిన్నమ్మ చెయ్యి నేరుగా ఒక మల్లుగుడ్డ మీదికి పోయింది. మెత్తటి నూలుగుడ్డ, లేత ఊదా మీద చిన్న చిన్న తెల్ల చుక్కలు. నేను ముట్టుకుని చూశాను. దానికంటే మంచిది బళ్ళారి అంతా వెతికినా దొరకదు. మల్లు నూనె పీలుస్తుంది, పీల్చి తలను కరుచుకుంటుంది, ముడి వేస్తే ముడి నిలుస్తుంది. ఇదంతా నా వేళ్ళకు తెలుసు. నేను దాన్ని పక్కకు నెట్టి, కింద నెమలిరంగు పట్టుముక్క ఒకటి ఉంటే లాగాను. అంచునుంచి దారం పీకి అగ్గిపుల్ల అడిగాను. దారం ముడుచుకుని కాలి, వెంట్రుకలు కాలిన వాసన వచ్చింది. "సూడు చిన్నమ్మా, వెంట్రుకల వాసన. అసలైన పట్టు" అని ఆమె ముక్కు దగ్గర పెట్టాను. ఆమె చెయ్యి తనకు తెలియకుండానే తల మీదికి పోయింది. నేను అది చూశాను, ఇంకాసేపు అక్కడే పట్టుకున్నాను.

"పట్టు జారదా పాపా?" అని అడిగింది. ఆమె తెలివితక్కువది కాదు.

"జారదు. మల్లు కట్టుకుంటే మొగుడు సచ్చినాడనుకుంటారు. పట్టు కట్టుకుంటే తిరుపతిలో మొక్కు తీర్చుకోనొచ్చినారనుకుంటారు" అన్నాను. పదేళ్ళ పిల్లకు ఇంత మాట ఎలా తోచిందని ఇప్పుడు ఆశ్చర్యపోతాను. ఆ పొద్దు ఎదురింటావిడ మంచినీళ్ళు తాగడం నేనూ చూశాను కదా, అక్కడ దొరికింది. చిన్నమ్మ ఊదా గుడ్డను ఒకసారి నిమిరి వదిలేసింది. సాయిబు నా వంక వింతగా చూశాడు. అంగడి అతనిది, అమ్ముడుపోతే చాలు, గుడ్డ మడిచి ఇచ్చాడు.

ఆ సాయంత్రం చిన్నమ్మ మా పెరటి గోడను నల్లబల్ల చేసుకుని పాఠం వల్లె వేసింది. తుంగభద్ర మీద పాఠం. నది ఎక్కడ పుట్టింది, ఆనకట్ట ఎక్కడ, కాలవలు ఎటు పోతాయి. పేరు పైన రాయాలని తల ఎత్తేసరికి గుడ్డ సర్రున జారి వీపు మీద పడింది. మళ్ళీ కట్టుకుంది, మళ్ళీ జారింది. ఆముదం తల, పట్టుగుడ్డ, రెండూ నున్ననే. తెల్లారితే పరీక్ష, అంగళ్ళు మూసేశారు. "పిన్నీసు పెడ్తామా?" అంది. పట్టుకు పిన్నీసు గుచ్చితే చిల్లు పడుతుంది, పడితే మళ్ళీ పూడదు అన్నాను. అది నిజమే. ఆమె నా మాట నమ్మి, కాసేపు ఆలోచించి, తనే ఒక ఉపాయం కనిపెట్టింది. "పైకి సూడకుంటే సరి. అన్నీ బల్ల నడుమనే రాస్తా. యెవురికీ చెప్పొద్దుమ్మా" అంది. ఇల్లంతటిలో ఆ రహస్యం నాకొక్కదానికే చెప్పింది. మర్నాడు బడి గంట కొట్టకముందే మా బెంచీ వాళ్ళందరికీ చెప్పేశాను.

పాఠం బాగా చెప్పింది. ఈ మాట నేను పిల్లకాయగా అనడం లేదు, ముప్పై మూడేళ్ళు బళ్ళో పాఠాలు చెప్పిన మనిషిగా అంటున్నాను. నేల మీద నీళ్ళు ఒలికించి, కాలవ పల్లానికి ఎందుకు పోతుందో చూపించింది. వెనక బెంచీలో తనిఖీకి వచ్చినావిడ, కన్నడమావిడ, రాయడం ఆపి వింటోంది. నది పేరు బల్ల నడుమ రాసింది. నేను చెయ్యి ఎత్తాను. "టీచరమ్మా, ఎనకున్నోళ్ళకు కనపడ్లేదు. పైన రాయండి" అన్నాను. చిన్నమ్మ నా వైపు తిరిగింది. ఆమెకు అర్థమైంది. తనిఖీ ఆవిడ కూడా, హౌదు, అంటే అవును, పైన రాయమంది. చిన్నమ్మ మెడ బిగించి, చెయ్యి మాత్రం పైకి చాచి రాయబోయింది. అందలేదు. మడమలెత్తింది. గుడ్డ ఒక్కసారిగా కాదు, మెల్లగా జారింది. నుదురు, తర్వాత నడినెత్తి, తర్వాత మొత్తం. కిటికీలోంచి పడిన ఎండలో నూనె తల మెరిసింది.

"గోవిందా" అన్నాను నేను.

ఒకరు గోవిందా అంటే పదిమందీ గోవింద అనడం మనకు పుట్టుకతో వచ్చిన అలవాటు. నలభైమంది ఆడపిల్లలు నవ్వుతూ గోవింద అన్నారు. మళ్ళీ గోవిందా, మళ్ళీ గోవింద. చిన్నమ్మ వంగి గుడ్డ తీసుకుని సుద్ద చేతులతోనే కట్టుకుంది. నెమలిరంగు మీద తెల్లటి వేళ్ళ గుర్తులు పడ్డాయి. ముడి బిగించి మళ్ళీ బల్ల వైపు తిరిగింది, మళ్ళీ జారింది. అప్పుడు వచ్చిన నవ్వు మొదటిదానికంటే పెద్దది. తనిఖీ ఆవిడ "సాకు, కూత్కో" అంది. చాలు, కూర్చోమని. కోపంగా అనలేదు. పిల్లలను అదుపులో పెట్టలేకపోయింది అని రాసుకుందట. అది తర్వాత తెలిసింది.

సాయంత్రం మా నాయన వచ్చేసరికి కథ ఆయన చెవిన పడింది. కోటు కూడా విప్పకుండా గుడ్డ తెమ్మన్నాడు. ఒక్కసారి నలిపాడు, అంతే. "నూనె తలకు పట్టా? ఎవురు ఏరినారు దీన్ని?" అన్నాడు. మా నాయన గురించి ఒక సంగతి చెప్పాలి. ఇంట్లో ఎవరేం తప్పు చేసినా ఊరుకునేవాడు గాని, సరుకు విషయంలో తెలిసి అబద్ధం చెప్పినవాళ్ళను క్షమించేవాడు కాదు. పత్తికి నీళ్ళు చల్లి తూకానికి తెచ్చాడని సొంత అన్నదమ్ముల పిల్లవాడితో మాటలు మానేశాడు, చచ్చేదాకా మాట్లాడలేదు. అది చిన్నమ్మకూ తెలుసు. నేను స్తంభం వెనక నిలబడి ఉన్నాను.

"నేనే తీసుకొంటి బావా. పాప మల్లు తీసుకోమని చెప్తానే ఉన్నింది. నేనే సోకుకు పోయి వినకపోతి" అంది చిన్నమ్మ.

మా నాయన ఆ గుడ్డను ఆమె ఒళ్ళోకి విసిరేశాడు. "పదేండ్ల పిల్లకుండే బుద్ధి లేకపాయె నీకు. దీనికి గుడ్డ సంగతి బాగ తెల్సు, ఇది చెప్తే వినేది కాదా?" అన్నాడు. తర్వాత, "ఆ తనిఖీ అమ్మ మా మిల్లు యజమాని ఇంట్లోనే దిగిండాది. పిల్లకాయలు తుంటరితనం చేసింటే రేపు పొద్దున్నే పొయ్యి చెప్పుకుందును, ఇంగోసారి చూడమ్మా అని. సోకుకు పోయి చెడగొట్టుకొనింటే ఏమని చెప్పేది?" అన్నాడు. చిన్నమ్మ తల ఎత్తి స్తంభం వైపు చూసింది. చెప్పమని అడగలేదు. చెబుతానేమోనని చూసింది. నేను నా వేళ్ళ గోళ్ళు చూసుకున్నాను. మా నాయన నన్ను దగ్గరికి పిలిచి, జేబులోంచి కొత్త రకం పత్తి తీసి నా చేతిలో పెట్టాడు. కళ్ళు మూసుకుని చూశాను. సరిగ్గానే చెప్పాను.

మర్నాడు ఆయన మిల్లుకు బయల్దేరేదాకా నాకు సమయం ఉంది. కాఫీ తాగాడు, చెప్పులు వేసుకున్నాడు, గొడుగు వెతుక్కున్నాడు. నేను చెప్పలేదు. పదకొండు గంటల బస్సుకు చిన్నమ్మను ఎక్కించడానికి నేనే సంచి మోసుకుని పోయాను. మళ్ళీ తాత తువ్వాలే ఆమె తలకు. నన్ను ఎందుకు కాపాడిందో నేను అడగలేదు. పదేళ్ళ పిల్ల చేతిలో మోసపోయానని చెప్పుకోవడం కంటే సోకులాడి అనిపించుకోవడమే మేలనుకుందేమో. బస్సు కదిలేముందు కిటికీలోంచి వంగి, "నిన్ను ఎలక తోకా అని ఏడిపిస్తాంటి కదే. సరిపాయెలే" అంది. నవ్వుతూ అనలేదు, కోపంగానూ అనలేదు.

ఆమె వదిలేసి పోయిన పట్టుముక్కను మా అమ్మ పారేయలేక కత్తిరించి నాకు రిబ్బన్లు చేసింది. నా జుట్టుకు అవీ నిలవలేదు. చిన్నమ్మ జుట్టు మాత్రం ఏడాది తిరిగేసరికి మునుపటికంటే ఒత్తుగా వచ్చింది. తాత మాట మీద నిలబడే మనిషి, ఆమెను మళ్ళీ బళ్ళారి పంపలేదు. కొన్నేళ్ళకు మా నాయన నన్ను టీచరు శిక్షణకు పంపాడు. నన్ను ఏరేటప్పుడు కూడా పాఠం చెప్పించారు. నేను బల్ల మీద అన్నిటికంటే పైన రాశాను. చిన్నమ్మ పాఠం చెప్పిన ఆ బడిలోనే ఉద్యోగం వచ్చింది, ఆ బల్ల ముందరే ఉద్యోగం అయిపోయింది. చిన్నమ్మ చోరనూరులోనే కాపురం చేసి, జొన్న కోసి, వేరుశనక్కాయలు ఒలిచి, నలుగురు పిల్లలను పెంచింది. పెళ్ళిళ్ళలో పదిమంది చేరితే చాలు, తన పట్టుగుడ్డ కథ తనే చెప్పి నవ్వించేది. చివర్లో నన్ను చూపించి, "ఇది అప్పుడే చెప్తానే ఉన్నింది మల్లు తీసుకోమని. నేను వినకపోతి" అనేది. మొదట్లో నా కోసం చెబుతోందనుకున్నాను. పదేళ్ళకు, ఇరవయ్యేళ్ళకు, ఆమె కళ్ళలోకి చూస్తే తెలిసింది, అదే నిజమని నమ్మేసింది. నేను అందరితోపాటు నవ్వాను. ప్రతిసారీ నవ్వాను. పోయినేడు ఆమె పోయింది. ఆమె కూతురు నా చేతులు పట్టుకుని, "మీ మాట వినింటే మా అమ్మ కూడా మీ మాదిరే టీచరమ్మ అయిండేది కదక్కా" అని ఏడ్చింది. అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పలేదు.

నీళ్ళు తాగి వచ్చేసరికి మా మనవరాలు అన్నిటికంటే నున్నగా జారే గుడ్డనే ఏరుకుని ఉంది. జారుతుందే అన్నాను. "పిన్ను పెట్టుకుంటాలే అవ్వా" అంది. చిల్లు పడుతుందన్నాను. "పడితే పడనీ, గుడ్డే కదా" అని నవ్వింది. స్కూటీ మీద తిరిగి వస్తుంటే దాని మెడ వెనక ఆ పిన్నీసు నా కళ్ళముందే ఉంది. బండి చప్పుడులో, ఎవరికీ వినబడదన్న ధైర్యంతో, "నేనే ఏరిచ్చినా" అన్నాను. చిన్నమ్మకు జుట్టు తిరిగి రావడానికి ఏడాది చాలింది, ఆ ఒక్క మాట నా నోటికి రావడానికి అరవై ఏళ్ళు దాటింది.